ఏటేటా విత్తిన పువ్వు
విలియం కేరీగారి జీవితమునుండి ఒక ధ్యానము

ధ్యాన భాగములు: మార్కు సువార్త 4:26–29, 2 తిమోతి 1:5



వానలు వెనుకపట్టి చలి మొదలగు దినములలో మన పల్లెలలోని తల్లులు ఇంటి ముందర చిన్న మడి త్రవ్వి పూలవిత్తులు చల్లుదురు. బంతి విత్తు చల్లిన కొద్ది దినములకే తల ఎత్తును. కాని చలి దేశములనుండియు కొండ ప్రాంతములనుండియు ఎవరో తెచ్చియిచ్చిన కొన్ని విత్తులు ఎంత నీరు పోసినను మొలవవు. మేము సంఘములను దర్శింపబోయినప్పుడు ఈ మాట అనేక పర్యాయములు విన్నాము. విత్తు మంచిది కాదని కొందరు, నేల మంచిది కాదని కొందరు, చల్లిన వారికి చేతివాసి లేదని మరికొందరు అందురు. రెండు వారములు చూచి, విసిగి, ఆ మడిలో తోటకూర చల్లుకొందురు.

మొలవని విత్తుల విషయములోను, మొలిచియు నిలువని మొక్కల విషయములోను బహు ఓపిక పట్టిన ఒక దైవజనుని ఈ నెలలో మనము జ్ఞాపకము చేసికొందము. ఆయన విలియం కేరీగారు. బైబిలును అనేక భాషలలోనికి తర్జుమా చేసిన మిషనెరీగా ఆయన మీ అందరికి తెలిసినవారే. తోటమాలిగా ఆయనను ఎరిగినవారు తక్కువ. అయితే ఆ తోటలోని ఒక చిన్న పువ్వు కథ మన సంఘములకు మిగుల అవసరమని తోచి దీనిని వ్రాయుచున్నాము.

కేరీగారు 1761 ఆగస్టు 17వ తేదీన ఇంగ్లాండులో నార్తాంప్టన్‌షైర్ జిల్లాలోని పాలర్స్‌పురి అను పల్లెలో పుట్టిరి. తండ్రి ఎడ్మండ్ కేరీగారు మొదట మగ్గము నేసి జీవించిరి. తరువాత ఆ ఊరి బడిపంతులు అయిరి. ఇంటిలో ఐశ్వర్యము లేదు. కాని బాలుడైన విలియముకు పొలములు, కంచెలు, వాగుగట్లు అన్నియు బడియే. దొరికిన మొక్కనెల్ల, పురుగునెల్ల ఇంటికి తెచ్చి తన గదిలో నింపుకొనెడివాడు. కెనడానుండి తిరిగివచ్చిన పినతండ్రి పీటర్‌గారు తోటపని ఎరిగినవారగుటచేత పిల్లవానికి మొక్కలమీద ప్రేమ మరింత హెచ్చెను.

పెద్దవాడై తోటపనియే చేయవలెనని విలియము కోరెను. అయితే ఎండ తగిలినచో ముఖముమీదను చేతులమీదను చర్మము మండి బాధపెట్టు జబ్బు అతనికి కలదు. ఇంగ్లాండులోని మెత్తని ఎండకే నిలువలేక ఆ పని విడిచి, జోళ్లు కుట్టు పని నేర్చుకొనుటకు ఒక యజమాని యొద్ద చేరవలసి వచ్చెను. ఇంగ్లాండు ఎండ ఓర్వలేని ఈ చిన్నవానినే దేవుడు తరువాత బెంగాలు ఎండలో నలువది సంవత్సరములు నిలువబెట్టెను! మన బలహీనతలను మనము లెక్కించునట్లు ఆయన లెక్కింపడు గదా.

తోలుపని చేయుచునే కేరీగారు ప్రభువును ఎరిగిరి. ప్రక్కన పుస్తకము పెట్టుకొని లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చిరి. తరువాత మౌల్టన్ అను గ్రామములో చిన్న సంఘమునకు కాపరియై, జీతము చాలక బడి చెప్పుచు, జోళ్లు కుట్టుచు కుటుంబమును పోషించిరి. ఎంత గొప్పవారైన తరువాతను ఆ పనిని గూర్చి ఆయన సిగ్గుపడలేదు. కలకత్తాలో ఒక విందులో ఒక అధికారి ఆయనను జోళ్లు చేసినవాడని తక్కువచేసి మాటలాడగా, క్రొత్తవి చేయువాడను కాను, పాతవి బాగుచేయువాడనేనని కేరీగారు సవరించిరి. తోలుపని చేసిన చేతులను ప్రభువు ఎట్లు వాడుకొనెనో మన సంఘములలోని పిల్లలు తెలిసికొనవలెను.

1792లో ఆయన యెషయా గ్రంథము 54వ అధ్యాయమునుండి నాటింగ్‌హాం పట్టణములో చేసిన ప్రసంగము అనేకులను కదిలించెను. ఆ యేడే అక్టోబరు 2న కెటరింగ్‌లో బాప్టిస్టు మిషనెరీ సొసైటీ ఏర్పడెను. 1793 జూన్‌లో కేరీగారు భార్య డొరొతీగారితోను పిల్లలతోను డెన్మార్కువారి ఓడ ఎక్కి, అయిదు నెలలు సముద్రముమీద నుండి, నవంబరులో కలకత్తా చేరిరి. తరువాత ఆయన మరల స్వదేశము చూడలేదు.

మొదటి యేండ్లు కన్నీటి యేండ్లు. 1794లో ఉత్తర బెంగాలులోని ముద్నాబాటి అను చోట నీలిమందు కార్ఖానాలో పని దొరికెను. ఆ యేడే అయిదేండ్ల కుమారుడు పీటర్ జ్వరముచేత చనిపోయెను. బిడ్డను పాతిపెట్టుటకు సాయము చేయు మనుష్యులు దొరకుటయే కష్టమాయెను. డొరొతీగారు మొదటనే ఈ ప్రయాణమునకు ఇష్టపడినవారు కారు. బిడ్డ పోయిన పిమ్మట ఆమె మనస్సు చెదరి, మరల కుదుటపడనే లేదు. పండ్రెండు సంవత్సరములకు పైగా ఆ బాధ ననుభవించి ఆమె 1807 డిసెంబరులో మరణించిరి. కేరీగారి ఘనతను చెప్పునప్పుడు ఈ తల్లి కష్టమును మరచుట న్యాయము కాదని మా అభిప్రాయము.

సువార్త పనిలోనైనను ఆదరణ కలదా? ఆరేండ్లు గడచినను ఈ దేశస్థులలో ఒక్కరును బాప్తిస్మము పొందలేదు. ఈ ఎండిన దినములలో కేరీగారు చేసిన పనులలో ఒకటి, స్వదేశమునకు వ్రాసి విత్తులు తెప్పించుకొనుట. 1794లోనే ఆయన సొసైటీవారికి వ్రాసి, కొడవళ్లు మొదలగు సేద్యపు పనిముట్లును, ప్రతి యేడు కూరగాయల విత్తులు, పూలవిత్తులును పంపుడని కోరిరి. వాటి వెల తానే చెల్లించెదననిరి. ఈ దేశపు రైతులకు అవి మేలు కలుగజేయునని ఆయన ఉద్దేశము.

1800 జనవరిలో ఆయన కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డుననున్న శ్రీరాంపూరునకు కాపురము మార్చిరి. అది అప్పుడు డెన్మార్కువారి పాలనలో నుండెను. అక్కడ జాషువా మార్ష్‌మన్, హన్నా మార్ష్‌మన్ దంపతులును, ముద్రణపని ఎరిగిన విలియం వార్డ్‌గారును ఆయనతో కూడిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 28న కృష్ణపాల్ అను వడ్రంగి హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందెను. ఏడేండ్లు కనిపెట్టిన మొదటి మొలక అది.

శ్రీరాంపూరులో కేరీగారు దాదాపు అయిదెకరముల తోట వేసిరి. అది వేడుకకు వేసిన తోట కాదు. మొక్కలను జాతులవారీగా ఏర్పరచి నాటిన విద్యాలయము వంటిది. వేకువనే లేచి ఆయన ఆ తోటలోనికి పోయెడివారు. ఆయన ఏకాంత ప్రార్థనా స్థలము అదియే. తరువాత స్నానము, కుటుంబ ప్రార్థన, పండితులతో తర్జుమా పని, ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠములు; ఇట్లు దినము నిండిపోయెడిది.

మన తెలుగు దేశమునకును ఆ తోటకును ఒక సంబంధము కలదు. సామర్లకోటలో చాల సంవత్సరములుండి మన కోస్తా మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ అను వైద్యుడు 1793లో కలకత్తా వృక్షశాస్త్ర వనమునకు అధికారియై వెళ్లెను. ఆయనయు కేరీగారును ప్రాణస్నేహితులైరి. మన తూర్పు కనుమల అడవులలోను పెరుగు ఒక చెట్ల జాతికి రాక్స్‌బర్గ్‌గారు స్నేహితుని పేరున కేరియా అని పేరు పెట్టెను. రాక్స్‌బర్గ్‌గారు వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథములను సవరించి అచ్చువేయించినవారు కేరీగారే.

ఇక ఆ చిన్న పువ్వు సంగతికి వత్తము.

ఇంగ్లాండులో డెయిజీ అను పువ్వు కలదు. మన గట్లమీద కనబడు గడ్డిచామంతివలె అది కూడ చామంతి కుటుంబములోనిదే. నేలను అంటియున్న ఆకులు, జానెడైనను లేని కాడ, నడుమ పసుపు, చుట్టు తెల్లని రేకులు. పశువులు మేయు బీళ్లలో లెక్కలేనన్ని పూయును. ఎవ్వరును దానిని విత్తరు, ఎవ్వరును దానిని కొనరు. దాని శాస్త్రనామము బెల్లిస్ పెరెన్నిస్. రెండవ మాటకు ఏండ్ల తరబడి నిలుచునది అని భావము. ఇంగ్లాండు చలినేలలో దాని వేరు ఏడు తరువాత ఏడు బ్రతికి తిరిగి పూయును గనుక ఆ పేరు వచ్చినది.

కేరీగారు స్వదేశము విడిచి దాదాపు ముప్పది యేండ్లైన తరువాత ఒక వృక్షశాస్త్ర స్నేహితుడు ఇంగ్లాండునుండి విత్తుల మూట పంపెను. ఆ సంచిలో విత్తులతో కూడ ఆ దేశపు మన్ను కొంచెము ఉండెను. కేరీగారు విత్తులను తీసికొన్న పిమ్మట, ఒక్క గింజయైనను వ్యర్థము కాకూడదని ఆ ఖాళీ సంచిని నీడగల ఒక చోట నేలమీద దులిపిరి. కొన్ని దినములకు అక్కడికి వెళ్లి చూడగా, ఆ మన్ను పడిన చోట ఒక డెయిజీ మొలక కనబడెను! తాను బాల్యములో త్రొక్కుచు నడచిన పువ్వు, మరల ఈ జన్మలో చూడనని అనుకొన్న పువ్వు. ఇండియాకు వచ్చిన తరువాత ఇంతటి చిన్న సంగతి తనకు ఇంత సంతోషము కలిగించినది వేరొకటి లేదని ఆయన ఆ స్నేహితునికి తెలియజేసిరి. జేమ్స్ మాంట్‌గోమరీ అను కీర్తనల రచయిత ఈ సంగతి విని ఆ పువ్వు మీద ఒక పద్యము వ్రాసెను.

చాలమంది ఈ కథను ఇక్కడితో ముగింతురు. మాకైతే దాని తరువాతి భాగము మరింత విలువైనదిగా తోచినది. మొలుచుట ఒక్క దినపు ఆశ్చర్యము. నిలుపుట ఏండ్ల కష్టము.

బెంగాలులో వేసవి ఎండలకు ఆ మొక్క వాడును. వానకాలపు నీటికి, ఉక్కకు దాని వేరు క్రుళ్లును. కేరీగారు పందిరి వేసి, నీడ కల్పించి, కాపాడ చూచిరి. అయినను ఒక్క పాత వేరునైనను వానకాలము దాటింపలేకపోయిరి. స్వదేశములో ఏండ్ల తరబడి నిలుచు మొక్క ఈ దేశములో ఒక్క యేడే బ్రతికెను. అప్పుడాయన ఏమి చేసిరి? పూలు ఎండగానే ఆ సన్నని విత్తులు ఏరి, దాచి, మరల విత్తి, వచ్చిన కొద్దిపాటి నారును పెంచిరి. ఆ నారు పూచి, విత్తు కట్టి, మరల వానలకు పోయెడిది. మరల ఆయన విత్తెడివారు. ఇట్లు ఆరేడేండ్లు గడచిన పిమ్మట తన యొద్ద మిగిలినది ఒకే ఒక్క మొక్కయని ఒక ఉత్తరములో వ్రాసిరి. ఒక్క మొక్క! అయినను ఏటేటా విత్తుట ఆయన మానలేదు.

ఈ విత్తులు మొలుచుట ఏల కష్టమో రెండు మాటలు చెప్పుదుము; ఇది మీ ఇంటి మడులకును పనికివచ్చును. డెయిజీ గింజ ఆవగింజకంటె సన్నము. అది మొలుచుటకు వెలుతురు కావలెను. మనము వేరుసెనగ విత్తినట్లు లోతుగా పూడ్చినయెడల అది మట్టిలోనే ఉండిపోవును. అట్టి సన్నని విత్తులను సన్నని ఇసుకతో కలిపి, తడిపి చదును చేసిన మన్ను పైన చల్లి, అరచేతితో మెల్లగా అదిమి, మట్టి కప్పక, నీడలో నుంచి, కుండతో పోయక చిలకరింపుగా నీరు పెట్టవలెను. మైదానములలో దానికి తగిన కాలము అక్టోబరు, నవంబరు నెలలు.

మరికొన్ని విత్తుల సంగతి వేరు. కౌస్లిప్, వయొలెట్ అను ఇంగ్లాండు పూలను కూడ కేరీగారు మిగుల కోరిరి. అయితే ఆ జాతుల విత్తులు తడినేలలో కొన్ని వారములు గట్టి చలి తగిలినగాని మేలుకొనవు. శీతకాలమింకను ఉండగానే మొలిచి మంచుకు చచ్చిపోకుండ సృష్టికర్త వాటికి అట్టి తాళము వేసెను. బెంగాలులో ఆ చలి ఎక్కడిది? పైగా నెలల తరబడి ఓడ అడుగున వేడికిని చెమ్మకును విత్తులు ప్రాణము కోల్పోయెడివి. అట్టి విత్తులను నేటి తోటమాలులు తడి ఇసుకలో కలిపి కొన్ని వారములు ఫ్రిజ్‌లో ఉంచి తరువాత చల్లుదురు. కాబట్టి మొలవనంత మాత్రమున విత్తు చచ్చినదని తొందరపడి మడి త్రవ్వివేయకుడి. ఏ విత్తుకు ఏమి కావలెనో తెలిసికొని, అది ఇచ్చి, కనిపెట్టవలెను.

కేరీగారు పువ్వు విషయములోనే ఇట్లు ఉండిరా? కాదు. 1812 మార్చి 11వ తేదీ రాత్రి శ్రీరాంపూరు అచ్చుకూటము కాలిపోయెను. కాగితము, అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు బూడిదయ్యెను. కాలిన వాటిలో ఆయన మన తెలుగు భాషకు వ్రాసిన వ్యాకరణపు వ్రాతప్రతి అంతయు ఉండెను. ఏబదియేండ్ల వయస్సులో, అన్యభాషయొక్క వ్యాకరణమును మరల మొదటి అక్షరమునుండి వ్రాయుట ఎట్టి పనియో ఆలోచించుడి. ఆయన కూర్చుండి మరల వ్రాసిరి. రెండేండ్లకు, 1814లో, ఆ తెలుగు వ్యాకరణము అచ్చయి వెలువడెను. 1818లో శ్రీరాంపూరునుండి తెలుగు క్రొత్త నిబంధనయు, 1821లో పంచకాండములును వెలువడెను. ఆ తర్జుమాలో లోపములుండెను. తరువాతివారు దానికంటె మంచివి చేసిరి. అయినను మన భాషకొరకు కాలిపోయిన విత్తును మరల విత్తిన చేతిని మనము మరువరాదు.

ఇంతటి మాలి తన సొంత ఇంటి మడిలో ఎట్లుండెను? ఇది కూడ దాచక చెప్పవలెను. శ్రీరాంపూరునకు వచ్చిన దినములలో ఆయన కుమారులు ఫీలిక్స్, విలియం, జాబేజ్, జోనాథాను అదుపులేక పెరుగుచుండిరి. తల్లికి మనస్సు స్వాధీనములో లేదు. తండ్రికి పనులు పెక్కు. తండ్రి పిల్లల తప్పులను చూచి దుఃఖించెడివారేగాని, మెత్తని స్వభావముచేత వారిని దిద్దలేకపోయిరని హన్నా మార్ష్‌మన్‌గారు గ్రహించిరి. ఆమెయు వార్డ్‌గారును ఆ పిల్లలను చేరదీసి, బోధించి, ప్రేమించిరి. పెద్దవాడైన ఫీలిక్స్ కృష్ణపాల్‌తోకూడ ఒకే దినమున బాప్తిస్మము పొందెను. సేవకుడని గొప్ప పేరు పొందిన తండ్రి ఇంటిలోను విశ్వాసము దానంతట అది పిల్లలకు రాలేదు. ఎవరో ఒకరు మోకరించి విత్తవలసి వచ్చెను.

మూడవవాడైన జాబేజ్ మాత్రము ప్రభువునకు దూరముగా నుండెను. 1812లో లండనులో మిషను కూడిక జరుగుచుండగా డాక్టర్ రైలండ్‌గారు ఈ సంగతి చెప్పి, తండ్రి కన్నీటిని జ్ఞాపకము చేసి, ఆ చిన్నవాని కొరకు అందరును మౌనముగా ప్రార్థింపుడని కోరిరి. వేలమంది జనసమూహము నిశ్శబ్దముగా ప్రార్థించెను. ఇంచుమించు ఆ కాలముననే జాబేజ్ మనస్సు మారినట్లు తరువాత ఓడలో వచ్చిన ఉత్తరములవలన తెలిసెను. 1814లో జాబేజ్ తానే సువార్తికుడై అంబొయినా ద్వీపమునకు వెళ్లెను. ఫీలిక్స్ అయితే బర్మాలో సేవ ప్రారంభించి, తరువాత ఆ దేశపు రాజు కొలువులో చేరి, భార్యాబిడ్డలను నదిలో పోగొట్టుకొని, కొన్నాళ్లు తిరుగాడి, వార్డ్‌గారి ప్రేమవలన తిరిగి శ్రీరాంపూరు చేరి, 1822లో మరణించెను. మొలిచిన మొక్కకును కాపుదల ఎంత అవసరమో ఈ ఇద్దరి జీవితములు మనకు చూపుచున్నవి.

1820లో కేరీగారు కలకత్తాలో వ్యవసాయ తోటపనుల సంఘమును స్థాపించిరి. 1823 అక్టోబరులో ఆయన కాలుజారి పడి తుంటికి గట్టి దెబ్బ తగిలి మంచముననున్న దినములలో వరద వచ్చి తోటను ముంచి ఇసుక మేట వేసెను. నివసించు ఇల్లు కూడ విడువవలసి వచ్చెను. లేచి నడువగలిగిన పిమ్మట ఆయన ఆ ఇసుకను తీయించి మరల నాటించిరి. అప్పటికి ఆయనకు అరువది రెండేండ్లు.

చివరి నెలలలో నడువలేక, చక్రముల కుర్చీమీద కూర్చుండి తోటలో త్రిప్పించుకొనెడివారు. అదియు సాగని దినములలో మాలి ఆయన గదిలోనికే వచ్చి మొక్కల క్షేమము చెప్పెడివాడు. ఒకనాడు ఆయన దిగులుపడి, తాను పోయిన తరువాత మార్ష్‌మన్‌గారు తోటలోనికి ఆవులను తోలుదురేమోనని అనగా, ఆ స్నేహితుడు తన ప్రాణమున్నంతవరకు తోటను కాపాడుదునని మాట ఇచ్చి ఆదరించెను. 1834 జూన్ 9వ తేదీ ఉదయమున కేరీగారు ప్రభువునందు నిద్రించిరి. ఆయన 1818లో సహచరులతో స్థాపించిన శ్రీరాంపూరు కాలేజీ నేటికిని కలదు. మన కాపరులలో అనేకులు పొందిన వేదాంత పట్టము శ్రీరాంపూరు సెనేటు ఇచ్చునదే.

ప్రియులారా, ఈ జీవితమునుండి మనము ఏమి నేర్చుకొందుము?

మార్కు సువార్తలో ప్రభువు చెప్పిన ఉపమానమును చూడుడి. విత్తినవాడు రాత్రి నిద్రించుచు పగలు లేచుచుండును. విత్తనము ఎట్లు మొలుచునో అతడు ఎరుగడు. మొలిపించుట దేవుని పని. ఖాళీ సంచి దులిపిన చోట మొలక వచ్చుటవంటి కృపను ఎవరు కొనగలరు? అయితే విత్తుట మన పని. అది దేవుడు మనకు బదులు చేయడు.

రెండవది మన గుండెలకు తగులవలసిన మాట. చామంతి దుబ్బు నుండి పిలకలు తీసి నాటుకొనుట మీకు అలవాటు. తల్లి దుబ్బు ఎట్టిదో పిలక అట్టిదే. విత్తవలసిన పని లేదు. విశ్వాసము కూడ అట్లే వచ్చునని మనము తలంచుచున్నాము. మా తాతగారు ఫలాని దొరగారి చేత బాప్తిస్మము పొందిరి, మా అవ్వ సంఘములో పెద్ద ప్రార్థనాపరురాలు అని చెప్పుకొని, పిల్లలు కూడ ఆ వేరునుండి వచ్చినవారే గదా అని నిశ్చింతగా నుందుము. సహోదరులారా, విశ్వాసమునకు పిలకలు లేవు. తాత వేరు మనుమని కాలపు ఎండలను, వానలను దాటదు. పల్లె విడిచి పట్టణమునకు పోయిన బిడ్డలు ఆదివారమును మరచుచున్నారన్న మాట మేము వెళ్లిన ప్రతి ఊరిలోను వినుచున్నాము. నేల చెడినదని, కాలము చెడినదని నిందించినందున లాభము లేదు. ఈ యేడు ఈ ఇంటిలో ఎవరైన విత్తిరా? అదియే ప్రశ్న.

తిమోతి విశ్వాసమును పౌలు జ్ఞాపకము చేసికొన్నప్పుడు అవ్వయైన లోయి పేరును, తల్లియైన యునీకే పేరును చెప్పెను. వారు తమ పేరు మాత్రము అతనికి ఇచ్చి ఊరకుండలేదు. పసితనమునుండి లేఖనములు నేర్పిరి. ఆ నేర్పుటయే విత్తుట.

మూడవది: ఒక్క మొక్క మిగిలెనని నిరాశపడకుడి. కొన్ని గ్రామములలో ఆదివారపు బడికి వచ్చు పిల్లలు ఇద్దరు ముగ్గురే. బోధించు అక్కలు విసిగి, ఈ కొద్దిమందికి ఎందుకని మానదలంచుచున్నారు. కేరీగారి తోటలో ఒక్క డెయిజీ మిగిలిన యేడును ఆయన దాని విత్తులు ఏరిరి. ఆ ఇద్దరు పిల్లలే మీ వచ్చే యేటి విత్తు.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబము రెండు పనులు చేయవలెనని కోరుచున్నాము. ఇంటి ముందర పిల్లల చేత ఒక చిన్న మడి వేయించి, వారిచేతనే విత్తులు చల్లించుడి. దీపము పెట్టిన తరువాత ఆ పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, మార్కు సువార్త కొంచెము కొంచెముగా చదివించి, భావము చెప్పి, వారి పేరు పెట్టి ప్రార్థింపుడి. మొదటి మడి మొలిచినను మొలవకున్నను, రెండవ మడిని ఒక్క రాత్రియు మానకుడి.

ప్రార్థన: విత్తనమునకు ప్రాణమిచ్చు తండ్రీ, మా పితరులలో నీవు విత్తిన దానికొరకు స్తోత్రము. వారి వేరుమీద ఆనుకొని మేము సోమరులమైతిమి, క్షమించుము. మా పిల్లల హృదయములలో నీ వాక్యమును మా చేత విత్తించుము. మొలవని దినములలో మాకు ఓపికను, మొలిచిన దినమున నీకే మహిమను కలుగజేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.